దామెర్ల రామారావు : గోదావరి గట్టున నిలిచిన చూపు

ధవళేశ్వరము ఆనకట్ట దాటిన పిమ్మట గోదావరి రెండు పాయలై, తూర్పున గౌతమిగను, పడమర వసిష్ఠగను సాగిపోవును. ఆ రెండు పాయల నడుమ, తల్లి రెండు చేతులతో పొదివి పట్టుకొన్న బిడ్డవలె, కోనసీమ ఉన్నది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల వారికి నది యనగా కాలువనీరు, వరిచేను, కొబ్బరితోట, రేవు, పడవ, వరద. నదిని వారు చూడరని కాదు. ప్రతిదినము చూతురు. కాని, ప్రతిదినము చూచునది క్రమముగా కంటికి ఆనకుండ పోవుట మానవ స్వభావము. అట్లు ఆనకుండ పోయిన దానిని తిరిగి కంటి యెదుట నిలుపుటయే చిత్రకారుని పని. ఆ పనికై జన్మించి, ఇరువదియెనిమిదేండ్లయినను నిండకముందే వెళ్ళిపోయిన ఒక గోదావరి బిడ్డ చరిత్ర ఇది.

కోనసీమవారు రాజమహేంద్రవరమునకు పోని నెల యుండదు. రైలు ఎక్కుటకో, ఆసుపత్రికో, బట్టల కొనుగోలుకో, పుష్కరస్నానమునకో పోవుచునే ఉందురు. గోదావరి గట్టునకు సమీపముననే దామెర్ల రామారావు స్మారక చిత్రశాల కలదు. గట్టుపై నడచిపోవు వేలమందిలో ఆ గడప దాటువారు కొలదిమంది మాత్రమే. దాటినవారును గోడల వెంట ఒక చుట్టు చుట్టి, బాగున్నవని తల ఊపి, బయటపడుదురు. ఈ త్వర మనకే పరిమితమైనది కాదు. న్యూయార్కు నగరములోని మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాలలో సందర్శకుల తీరును పరిశీలించి 2001లో ప్రకటించిన ఒక అధ్యయనము, ఒక్కొక్క చిత్రము ఎదుట మనిషి నిలుచుకాలము సగటున 27 సెకనులని తేల్చినది. చిత్రకారుడు నెలల తరబడి గీసిన దానికి మనము అర నిముషమైనను ఇచ్చుట లేదన్నమాట.

ఈ లోపమును గుర్తించియే నేడు లోకములోని పెక్కు ప్రదర్శనశాలలు క్రొత్త పద్ధతులు త్రొక్కుచున్నవి. సందర్శకుని ఒకే చిత్రము ముందు కూర్చుండబెట్టి, మాటలాడక, ఊపిరిని గమనించుచు, పది పదునైదు నిముషములు చూడుమనుచున్నవి. ప్రదర్శనశాల చుట్టునున్న తోటలో నడిపించి, ఆకును, నీడను చూపించి, అటుపిమ్మట లోనికి తీసుకొనిపోయి అదే ఆకును, అదే నీడను చిత్రములో వెదకించుచున్నవి. కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున 2018లో వైద్యులు తమ రోగులకు లలితకళా ప్రదర్శనశాల దర్శనమునే ఔషధముగా వ్రాసియిచ్చు ఏర్పాటు ప్రారంభమైనది. కళను, ప్రకృతిని, మనశ్శాంతిని ఒక్కచోట ముడివేయు ఈ ప్రయత్నములను పాశ్చాత్యులు నిన్న మొన్న కనిపెట్టిన వింతగా మనము భావించుచున్నాము. రామారావు జీవితమును తెలిసికొన్నవారు అట్లు భావింపజాలరు.

దామెర్ల రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించినాడు. తండ్రి వెంకటరమణారావు, తల్లి లక్ష్మీదేవి. అదే సంవత్సరాంతమున ఆ పట్టణము వద్ద గోదావరిపై మొదటి రైలు వంతెనకు పని ప్రారంభమైనది. 1900లో వంతెన పూర్తియై రైళ్ళు నడచినవి. అనగా ఈ బాలునికి మాటలు వచ్చునాటికి, పడవల మీద ఆధారపడిన ఒక పురాతన పట్టణము మదరాసు, కలకత్తా నగరముల నడుమ మజిలీగా మారినది. వీరేశలింగం పంతులుగారి సంస్కరణోద్యమము అప్పటికే ఆ ఊరిని యావదాంధ్రమునకు పరిచయము చేసినది. నన్నయనాటి నుండి కవిత్వమునకు నెలవైన ఆ పట్టణమున కవులకు కొదువ లేదు, వక్తలకు కొదువ లేదు. చిత్రకారునికి మాత్రము చోటు లేదు.

చోటు లేదనుటలో అతిశయోక్తి లేదు. ఆంధ్రదేశమున చిత్రకళ లేకపోలేదు. లేపాక్షి కప్పుల మీద విజయనగరకాలపు వర్ణచిత్రములు ఉన్నవి. కాళహస్తి, బందరు ప్రాంతములలో కలంకారీ ఉన్నది. కోనసీమ పల్లెలలో ముంగిట ముగ్గు, సంక్రాంతి ప్రభ, ఆలయగోపురముపై సున్నపు బొమ్మ ఉన్నవి. అయితే ఇవన్నియు కులవృత్తులుగనో, గృహకృత్యములుగనో నిలిచినవే కాని, చదువుకొన్న కుటుంబములోని పిల్లవాడు జీవితమంతయు ధారపోయదగిన విద్యగా చిత్రకళను ఎవరును ఎంచలేదు. మధ్యతరగతి యింటి గోడమీద రవివర్మ చిత్రముల అచ్చుప్రతి వ్రేలాడుచుండెను. దానిని గీసిన చేయి వంటి చేయి మన యింట పుట్టవచ్చునన్న ఊహ మాత్రము ఎవరికిని కలుగలేదు. పలకమీద, గోడమీద బొమ్మలు గీయు పిల్లవాడు మన పెద్దల దృష్టిలో చదువు చెడగొట్టుకొనువాడు.

అట్టి సమయమున రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడుగా వచ్చినారు. ఇంగ్లండులో థేమ్సు నది యొడ్డున గల ఆబింగ్డన్ ఆయన ఊరు. నది యొడ్డున పుట్టి పెరిగినవారు గనుక గోదావరిని చూచినంతనే ఆయన హృదయము కరగినదేమో! ఆయన స్వయముగా కవి, కథకులు, చిత్రకారులు. పాలించు జాతివారమన్న దర్పము ఆయన దరి చేరలేదు. తెలుగువారి పల్లెలను, గుళ్ళను, శిల్పములను తిరిగి చూచి ప్రేమించినారు. తరగతి గదిలోని పాఠముతో తృప్తి చెందక, శిష్యులలో ఎవనికి ఏ విద్యయందు చొరవ యున్నదో కనిపెట్టి, ఆ దారిని చూపుట ఆయన స్వభావము. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు ఆయన ప్రాపున వికసించినవారే. ఆ దృష్టిలో పడిన పిల్లలలో రామారావు ఒకడు.

కూల్డ్రే దొరగారు రామారావునకు నేర్పినది కుంచె పట్టుట మాత్రమే కాదు. చూచుట నేర్పినారు. పుస్తకములోని బొమ్మను చూచి మరియొక బొమ్మ గీయుట కాక, గట్టుమీద నిలిచి నీటిమీది వెలుతురును చూచి గీయుట నేర్పినారు. మన పూర్వులు గీసిన అజంతా గుహాచిత్రముల గొప్పదనమును మనవారికి ఒక పరదేశీయుడు చెప్పవలసివచ్చినదన్నచో అది ఆనాటి మన స్థితికి గుర్తు. ఆయన ప్రోత్సాహముననే రామారావు అజంతా గుహలను దర్శించినాడు. వెయ్యేండ్లకు పైగా చీకటిలో నిలిచిన ఆ రేఖలు, ఆ కనుబొమల వంపులు, ఆ చేతుల నడక అతని మనస్సులో చెరగని ముద్ర వేసినవి. అతని తరువాతి చిత్రములలో స్త్రీమూర్తుల నిలుకడను చూచువారు ఆ ముద్రను గుర్తింపగలరు.

1916లో రామారావు బొంబాయిలోని జె. జె. కళాశాలలో చేరినాడు. 1857లో స్థాపింపబడిన ఆ విద్యాలయమునకు అప్పుడు సెసిల్ బర్న్స్ అధ్యక్షులు. ఈ ఆంధ్రయువకుడు తన వెంట తెచ్చిన బొమ్మలను చూచి ఆయన, ప్రారంభ తరగతులతో నిమిత్తము లేకుండ, నేరుగా మూడవ సంవత్సరమునకు ప్రవేశము నిచ్చినారు. నాలుగేండ్లు బొంబాయి అతనికి పాశ్చాత్య పద్ధతిలోని కఠిన శిక్షణ నిచ్చినది. ఎదుట మనిషిని నిలిపి గీయుట, ఎముకల పొందికను, కండరముల కదలికను తెలిసి గీయుట, తైలవర్ణములను వాడుట, వెలుతురు ఎటనుండి పడుచున్నదో లెక్కించి నీడను తీర్చుట అతనికి స్వాధీనమైనవి. 1920 నాటికి ఆ చదువు ముగిసినది.

ఆ కాలమున భారతీయ చిత్రకళలో పెద్ద వివాదము నడచుచుండెను. బొంబాయివారు పాశ్చాత్య వాస్తవిక పద్ధతిని అవలంబించినారు. అవనీంద్రనాథ ఠాకూరు నాయకత్వమున వంగదేశీయులు దానిని త్రోసిపుచ్చి, అజంతాను, మొగలు చిత్రములను, జపాను పద్ధతులను కలుపుకొని, పలుచని రంగునీటిలో కాగితమును మరల మరల కడిగి, మంచుతెర వంటి మృదుత్వమును సాధించు శైలిని సృష్టించినారు. మన బందరులోనే, 1910లో స్థాపితమైన ఆంధ్ర జాతీయ కళాశాలలో, ప్రమోదకుమార ఛటర్జీగారు ఈ వంగశైలిని ఆంధ్రవిద్యార్థులకు బోధించినారు. అడివి బాపిరాజుగారు ఆయనకు శిష్యులైనారు. యువకులు రెండు శిబిరములుగా చీలి, ఒకరినొకరు అనుకరణశీలురని ఆక్షేపించుకొనుచున్న రోజులవి.

రామారావు ఏ శిబిరమునను చేరలేదు. కాఠియవాడు ప్రాంతములలో సంచరించి అక్కడి గొల్లలను, పాలు అమ్ము స్త్రీలను, వారి పావడల మడతలను, తలమీది కుండల నిలుకడను గీసికొన్నాడు. వంగదేశమునకు పోయి అక్కడి చిత్రకారుల పనిని శ్రద్ధతో చూచినాడు. బొంబాయిలో అబ్బిన దేహనిర్మాణ జ్ఞానమును విడువలేదు. అజంతాలో చూచిన రేఖాలాలిత్యమును మరువలేదు. ఈ రెంటిని కలుపుటకు అతనికి దొరికిన ద్రవ్యము తెలుగు జీవితము. వంగచిత్రములోని స్త్రీ ఏ దేశపుదో చెప్పుట కష్టము. రామారావు చిత్రములోని స్త్రీని చూచినవాడు ఈమె మన గోదావరి జిల్లాయింటి ఆడపడుచని వెంటనే చెప్పును. కొప్పు తీరు, కట్టు తీరు, పూలు తురుముకొను తీరు, పనిలోని తొందర, తీరికలోని అలసట, అన్నియు మన యిండ్లలోనివి.

1922లో కలకత్తాలో భారతీయ ప్రాచ్యకళాసంఘము వారి ప్రదర్శనమున రామారావు చిత్రించిన ఋష్యశృంగ బంధనము బహుమతిని పొందినది. అప్పటికి అతని వయస్సు ఇరువదియైదు. వంగశైలికి పుట్టినిల్లయిన నగరములో, ఆ శైలిని అవలంబింపని ఒక తెలుగువాడు గౌరవమందుట ఆనాడు సామాన్య విషయము కాదు. ఎంచుకొన్న కథయు ఆలోచింపదగినది. అడవిలో తండ్రి తప్ప వేరు మనిషిని ఎరుగక పెరిగిన మునికుమారుడు ఋష్యశృంగుడు. అంగదేశమున వానలు లేవు. అతడు అడుగుపెట్టిన చోట వాన కురియునని విని, రోమపాదుడు వారాంగనలను పంపి అతనిని రప్పించినాడు. వానయు కురిసినది. అరణ్యము యొక్క అమాయకత్వము, నగరము యొక్క నేర్పు ఒకదానినొకటి ఎదుర్కొన్న క్షణము అది. ప్రకృతిలో పెరిగిన కన్నులు సౌందర్యమును మొట్టమొదటిసారి చూచిన క్షణముగా గూడ దానిని గ్రహింపవచ్చును. గోదావరి గట్టునుండి బొంబాయికి పోయిన చిత్రకారునికి ఆ క్షణము పరాయిది కాదు.

పేరు వచ్చిన పిమ్మట బొంబాయిలోనో, కలకత్తాలోనో స్థిరపడుట సులభము. ధనవంతులు అక్కడ ఉన్నారు, సంస్థానాధీశులు అక్కడికి వత్తురు, పత్రికలు అక్కడ ఉన్నవి. రామారావు రాజమహేంద్రవరమునకే తిరిగి వచ్చినాడు. వచ్చి, చిత్రము కొనుటకు గాని, చూచుటకు గాని అలవాటుపడని జనము మధ్య ఒక చిత్రకళాశాలను నెలకొల్పినాడు. మిత్రులతో కలసి చిత్రకళాసంఘమును స్థాపించినాడు. ప్రదర్శనములు ఏర్పాటు చేసినాడు. తెలుగువారికి తమదైన చిత్రసంప్రదాయము ఉండవలెనన్న తలంపు, అది తెలుగు నేలమీదనే వేరూనవలెనన్న పట్టుదల అతనిని నడిపించినవి. వరదా వెంకటరత్నంగారు ఆ పనిలో అతనికి కుడిభుజమైనారు.

ఇంటిలోనివారును ఆ విద్యకు దూరము కాలేదు. భార్య సత్యవాణిగారు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు అతని యొద్దనే చిత్రలేఖనము నేర్చి చిత్రకారిణులైనారు. ఆడపిల్లకు అక్షరము చెప్పించుటకే వీరేశలింగం పంతులుగారు అంతకు ముందు తరములో పోరాడవలసివచ్చిన పట్టణములో, ఒక గృహస్థుని యింట భార్యయు, చెల్లెలును రంగులు కలుపుకొని కూర్చుండుట ఎంత మార్పో ఊహించుకొనవచ్చును. నేటికిని వారి చిత్రములు రామారావు చిత్రముల సరసనే చిత్రశాలలో ఉన్నవి.

రామారావు చిత్రించిన వస్తువులను పరికించిన, వాటిలో పురాణము, గృహము, ప్రకృతి మూడును కలసి సాగుట కనబడును. సిద్ధార్థ రాగోదయము బుద్ధుడు కాబోవు యువకుని హృదయమును చూపును. పుష్పాలంకరణము అలంకారవేళ స్త్రీ సౌందర్యమును చూపును. కార్తిక పూర్ణిమ చిత్రము దీపములు పట్టిన భక్తిని చూపును. గోదావరి ప్రాంతములను చిత్రించిన నీటిరంగుల బొమ్మలలో కొండ, నీరు, ఆకాశము తప్ప వేరు కథ అక్కరలేదు. నీటిరంగులలో పని చేయుట ఎంత సున్నితమో తెలిసినవారికి ఈ బొమ్మల విలువ మరింత తెలియును. తైలవర్ణములో తప్పు వేసినచో పైన మరియొక పూత వేసి కప్పవచ్చును. నీటిరంగు అట్లు ఒప్పుకొనదు. తెల్లని కాగితమే వెలుతురు. ఎక్కడ ఆ తెలుపును విడువవలెనో ముందే తెలిసియుండవలెను. చేయి ఆడించుటకు ముందు చాలసేపు చూచినవానికే అది సాధ్యము.

ఆ చాలసేపు చూచుటయే రామారావు సాధన. పెన్సిలు గీతలతో నిండిన అతని చిత్తు పుస్తకములు ఈనాటికిని ఉన్నవి. వాటిలో పూర్తిచిత్రముల కన్న గొప్ప పాఠము కలదు. చేతివ్రేళ్ళు, పాదములు, కూర్చున్న మనిషి వెన్నువంపు, పశువు మెడ, చెట్టుకొమ్మ, ఏ ఒక్కటియు అల్పమని అతడు త్రోసివేయలేదు. ఒకే వస్తువును మరల మరల గీసినాడు. నేడు ధ్యానమని, ఏకాగ్రత అని పెద్ద పేర్లతో శిబిరములు పెట్టి నేర్పుచున్న దానిని అతడు పెన్సిలు ముక్కతో అభ్యసించినాడు. మనస్సు ఒక వస్తువుపై నిలిచి, తన్ను తాను మరచి, ఆ వస్తువే అగుట ఏ యోగమునకైనను మొదటి మెట్టు గదా!

1919లోనే వినికిడి తగ్గిన కారణమున కూల్డ్రే దొరగారు ఉద్యోగమును విడిచి స్వదేశమునకు వెళ్ళిపోయినారు. గోదావరి తీర జ్ఞాపకములతో ఆయన రచించిన దక్షిణ హిందూదేశపు గ్రంథము 1924లో ప్రచురింపబడినది. అదే సంవత్సరమున లండనులోని వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమున రామారావు చిత్రకళయు స్థానము పొందినది. థేమ్సు తీరమునుండి వచ్చి గోదావరి తీరమున గురువు నాటిన విత్తు, పూచి తిరిగి ఆ దేశమునకే చేరినది. గురువు 1958 వరకు జీవించినారు. శిష్యునికి మాత్రము మరి కొన్ని నెలలే మిగిలినవి.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము వాత పడి రామారావు మరణించినాడు. ఇరువదియెనిమిదవ పుట్టినదినమునకు ఇంక నెల రోజులున్నది. మశూచికమునకు టీకా అప్పటికి నూరేండ్లకు పైగా లోకములో ఉన్నది. అయినను ఆ వ్యాధి మన దేశమున ఏటేట వేలమందిని కబళించుచునే ఉండెను. భారతదేశమున 1975లో అది కనుమరుగైనది. లోకమంతట నిర్మూలమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1980లో ప్రకటించినది. అమ్మవారు పోసినదని వేపమండలు కట్టి, గడప లోపల వణకుచు కూర్చున్న ఆ రోజులలో, ఎందరు కవులు కాబోవు బిడ్డలు, ఎందరు చిత్రకారులు కాబోవు బిడ్డలు లెక్కకు అందక పోయినారో! చిత్రములు మిగిలినందున రామారావు లెక్కకు అందినాడు.

ఇక్కడితో కథ ముగియవలసినది. ముగియలేదు. చిన్నవయసులో పోయిన చిత్రకారుని చిత్రముల గతి సామాన్యముగా ఒకటే. కొన్ని బంధువుల యిండ్లకు, కొన్ని కొనుగోలుదారుల సొత్తులోనికి, కొన్ని అటకమీది పెట్టెలోనికి చేరి, రెండు తరములలో రూపుమాసిపోవును. రామారావు విషయమున అట్లు జరుగలేదు. సత్యవాణిగారును, బుచ్చికృష్ణమ్మగారును, మిత్రులు వరదా వెంకటరత్నంగారును ఆ చిత్రములను చెల్లాచెదరు కానీయలేదు. స్మారక చిత్రశాలయు, దానితోపాటు చిత్రలేఖన పాఠశాలయు వెలసినవి. వెంకటరత్నంగారు తామును చిత్రకారులై యుండి, తమ కీర్తిని వెనుకకు నెట్టి, మిత్రుని కీర్తిని కాపాడుటకు జీవితమును వెచ్చించినారు. శిష్యులను తయారుచేసి, రామారావు ప్రారంభించి విడిచిన పాఠమును కొనసాగించినారు. కాలక్రమమున చిత్రశాల ప్రభుత్వ నిర్వహణములోనికి వచ్చినది. ఒక చిత్రకారుని జీవితకాలపు పని, తైలవర్ణములు, నీటిరంగులు, పెన్సిలు గీతలు, చిత్తు పుస్తకములతో సహా, అతడు పుట్టిన ఊరిలో, అతడు గీసిన నది చెంతనే, ఒకచోట నిలిచియుండుట ఎంత అరుదైన భాగ్యమో పలుదేశముల చిత్రశాలలను చూచినవారికి తెలియును.

భాగ్యమును నిలుపుకొనుట వేరు విషయము. నీటిరంగు చిత్రమునకు శత్రువులు ఇద్దరు. ఒకటి వెలుతురు, రెండవది తేమ. వెలుతురు వలన పోయిన రంగు మరల రాదు. అందుచేతనే నీటిరంగు చిత్రములున్న గదిలో వెలుతురు 50 లక్సులకు మించరాదని ప్రదర్శనశాలల నియమము. ఎండ పడు కిటికీ ప్రక్క ఉండు వెలుతురు అంతకు ఎన్నో రెట్లు. తేమ హెచ్చినచో కాగితము బూజు పట్టును, తగ్గి హెచ్చి తగ్గినచో ముడుతలు పడును. నదిగట్టున ఉండుట ఈ చిత్రముల శోభకు ఎంత కారణమో, వాటి ఆయువునకు అంత గండము. నూరేండ్లు దాటిన కాగితము ప్రతి వానకాలమును ఒక పరీక్షగా ఎదుర్కొనుచున్నది. దీనికి కావలసినది ఉత్సవము కాదు, విగ్రహము కాదు. తెలిసిన చేతులతో నిత్యము జరుగు సంరక్షణ.

సంరక్షణమునకు ప్రభుత్వము ధనమీయవలెను, నిజమే. అయితే జనము చూడని వస్తువును ఏ ప్రభుత్వమును ఎక్కువకాలము కాపాడదు. చూచు జనము లేని చిత్రశాల దీపము లేని గుడి వంటిది. కనుక అసలు ప్రశ్న, మనము చూచుట ఎట్లు నేర్చుకొందుమన్నది. ఈ ప్రశ్నకు సమాధానము రామారావు జీవితములోనే ఉన్నది. గురువు అతనిని మొదట నదివద్దకు తీసుకొనిపోయినాడు, తరువాత పూర్వుల చిత్రములవద్దకు. చూచుట ముందు, గీయుట తరువాత. ఈ క్రమము నేటి పిల్లలకును పనికివచ్చును.

కోనసీమనుండి ఏటేట పాఠశాలల పిల్లలు విహారయాత్రలకు పోవుదురు. రావులపాలెము దాటి, గౌతమి వంతెన యెక్కి, గంట సేపట్లో రాజమహేంద్రవరము చేరవచ్చును. ఉదయము గట్టుమీద పిల్లలను కూర్చుండబెట్టి, నీటిమీద వెలుతురు ఎట్లు మారుచున్నదో పావుగంట ఊరక చూడుమని చెప్పవలెను. పిమ్మట చిత్రశాలలో ఒక్కొక్క బిడ్డకు తన కిష్టమైన ఒక్క చిత్రమును ఎంచుకొనుమని చెప్పి, దాని యెదుట మరియొక పావుగంట నిలుపవలెను. ఏమి కనబడినదో ఆ తరువాత అడుగవలెను. తుదకు చేతికి కాగితము, పెన్సిలు ఇచ్చి, చూచినదానిలో ఏదో ఒక చిన్నభాగమును గీయుమనవలెను. బొమ్మ కుదిరినదా లేదా అన్నది ముఖ్యము కాదు. గీయుటకు ప్రయత్నించినవాడు మాత్రమే తాను ఎంత చూడలేదో గ్రహించును. దీనికి పెద్ద ఖర్చు లేదు, ప్రత్యేకమైన భవనము అక్కరలేదు. ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు చాలును.

అట్టి చూపు కోనసీమకు క్రొత్త కాదు. కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలను భుజములమీద మోసికొని, కాలువలు దాటి, పచ్చని చేలమీదుగా నడచువారికి, రంగు అననేమో, పొందిక అననేమో ఒకరు చెప్పవలసిన పని లేదు. ఏకాదశ రుద్రుల ప్రభలు ఒక్కచోట నిలిచినపుడు చేలగట్టున కూర్చున్న ముసలివాడు ఆ సాయంకాలమంతయు చూచుచునే ఉండును. పంట త్రొక్కబడినను రైతు కోపింపడు. బండారులంక నేతగాండ్ర మగ్గముమీద అంచు రంగు నిర్ణయించు కన్ను, కొత్తపేట శిల్పుల పనివాడలలో మట్టిముద్దలో ముఖమును వెదకు వ్రేలు, ఈ నేలమీద కళాదృష్టి ఇంకను బ్రతికియున్నదనుటకు సాక్ష్యములు. మనకు లేనిది దృష్టి కాదు. ఆ దృష్టిని చిత్రశాల గడపలోనికి తీసుకొనిపోవు అలవాటు.

రామారావు నడచిన రాజమహేంద్రవరము నేడు లేదు. అతడు పుట్టిన యేట పునాది పడిన వంతెనపై 1997లోనే రైళ్ళు ఆగిపోయినవి. లాంచీలు, పడవలు తగ్గి వంతెనలు పెరిగినవి. నది మాత్రము అతడు చూచిన చోటనే ఉన్నది. ఆ నీరు ఆ గట్టును తాకి, ధవళేశ్వరము దాటి, మన కాలువలలోనికి వచ్చి, మన చేలను తడిపి, అంతర్వేది చెంత సముద్రములో కలియుచున్నది. కొలది యేండ్ల పని మాత్రమే చేసి, దానిలో నూరేండ్లకు సరిపడు సౌందర్యమును నిలిపిపోయిన ఆ యువకునికి మనము చెల్లింపవలసిన ఋణము పెద్దది కాదు. ఈసారి రాజమహేంద్రవరము పోయినపుడు పనులన్నియు ముగించుకొని, రైలుకో, బస్సుకో ఇంకను వ్యవధి యున్నచో, ఒక్క చిత్రము ఎదుట పావుగంట నిలువవలెను. వెంట ఇంటి పిల్లలు కూడ ఉన్నచో మరింత మంచిది.